కింది పళ్లన్నీ పీకించే ముందు

నా దగ్గరికి మనుషులు రారు, వాళ్ల దవడలు వస్తాయి. మైదుకూరు నుంచి, బద్వేలు నుంచి, జమ్మలమడుగు నుంచి చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో అచ్చులుగా, తడి దూది చుట్టుకుని వస్తాయి. కొన్ని ఆర్టీసీ పార్శిల్లో, కొన్ని క్లినిక్‌లో పనిచేసే పిల్లోడి స్కూటీ డిక్కీలో. డబ్బాకు ఒక చీటీ అంటించి ఉంటుంది. పేరు, వయసు, పంటి రంగు నంబరు, ఎప్పటికి కావాలో తేదీ. కడపలో ఏడు రోడ్ల కూడలికి కొంచెం లోపలగా, ఒక మేడ మీది గదిలో నేను పళ్ల సెట్లు చేస్తాను. 1948 నాటి డెంటిస్టుల చట్టం మా వృత్తికి ‘డెంటల్ మెకానిక్’ అని పేరు పెట్టింది. పళ్లు తయారు చేసే పని మాది, పేషెంటు నోట్లో చెయ్యి పెట్టే పని డాక్టరుది. ఇక్కడ నేను రాసేదంతా ఆ గీతకు ఇవతల నిలబడి రాసేదే.

మా నాన్న ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాడు. మైనంతో నమూనా చేయడం, దాని చుట్టూ ప్లాస్టర్ లాంటిది పోయడం, వేడిచేసి మైనాన్ని పోగొట్టడం, మిగిలిన ఖాళీలో అసలు సరుకు నింపడం నేను డిప్లొమాలో చేరకముందే ఇంట్లో చూసిన పని. ఆయన నింపింది బంగారం, నేను నింపేది గులాబీ రంగు అక్రిలిక్ ముద్ద, ఒక రకం ప్లాస్టిక్. తరుగు విషయంలో మాత్రం ఆయనకున్న బాధ నాకు లేదు.

ఇన్నేళ్లలో నేను చేసిన సెట్లు కొన్ని వాపసు వచ్చాయి. అందరికీ వస్తాయి. రాలేదని చెప్పే మెకానిక్‌ను నమ్మకండి. వాపసు వచ్చిన డబ్బాల మీది చీటీలు దాదాపు ఒకే మాట చెబుతాయి: లోయర్ లూజ్. లోయర్ పెయిన్. లోయర్ మాట్లాడేటప్పుడు లేస్తోంది. పై సెట్టు గురించి ఫిర్యాదు అరుదు. కింది సెట్టు మాత్రం ఎంత జాగ్రత్తగా చేసినా సగంమందికి శత్రువే. ఈ తేడా ఎందుకో తెలిస్తే, పళ్లు పోతున్నవాళ్లు పళ్లు పోకముందే కొన్ని నిర్ణయాలు వేరేగా తీసుకుంటారని నా నమ్మకం. ఈ పోస్టు రాస్తున్నది అందుకే.

పై సెట్టు అంగిలి మొత్తాన్ని కప్పేస్తుంది. సెట్టుకూ అంగిలికీ మధ్య పలచని లాలాజలం పొర ఉంటుంది. అంచుల చుట్టూ గాలి దూరకుండా సరిగ్గా అమరితే, రెండు తడి గాజు పలకలు అతుక్కున్నట్టు సెట్టు అతుక్కుంటుంది. లాగితే రాదు, అంచు దగ్గర వేలు పెట్టి గాలి పోనిస్తే వస్తుంది. కింద అలాంటి అంగిలి ఎక్కడుంది? మధ్యలో నాలుక. మిగిలింది వంపు తిరిగిన సన్నటి పట్టీ. ఆ పట్టీకి లోపలి వైపు నాలుక కదులుతుంది, బయటి వైపు బుగ్గలు, పెదవి కదులుతాయి. నోరు తెరిచినప్పుడల్లా నోటి అడుగుభాగం పైకి లేస్తుంది. వీటన్నిటి మధ్య సెట్టు కేవలం కూర్చుని ఉండాలి. దానికి తోడు బీపీ మాత్రలు, ఇంకా కొన్ని రకాల మందులు వాడేవాళ్లకు నోరు ఎండిపోతుంది. లాలాజలం తగ్గితే పైసెట్టుకు కూడా పట్టు తగ్గుతుంది, కింది సెట్టయితే చిగురును ఒరుసుకుని పుండు చేస్తుంది.

ఎముక సంగతి దీనికంటే పెద్దది. పన్ను ఉన్నంతకాలమే దాని చుట్టూ ఎముక నిలుస్తుంది. పన్ను తీసేశాక ఎముక అరగడం మొదలవుతుంది. మొదటి ఏడాది వేగంగా, తర్వాత నెమ్మదిగా, కానీ ఆగదు. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు సెట్లు పెట్టుకున్నవాళ్లను 25 ఏళ్ల పాటు గమనించి 1972లో వ్యాసం ప్రచురించారు. ముందుభాగంలో కింది దవడ, పైదవడకంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ తరిగిందని అందులో తేలింది. మాకు క్లాసులో ఇది చెప్పినప్పుడు పరీక్షకోసం రాసుకున్నాను. ఇప్పుడు రోజూ చేత్తో తడుముతున్నాను. ప్లాస్టర్ అచ్చు ఆరాక వేలు పెట్టి చూస్తే, కొందరి కింది దవడ గట్టుగా, గుండ్రంగా చేతికి తగులుతుంది. కొందరిది కత్తి అంచులా సన్నగా ఉంటుంది. పళ్లు పోయి చాన్నాళ్లయినవాళ్లదైతే చదునే, గట్టే ఉండదు. చీటీ చూడకుండానే ఎవరెంత కాలం పళ్లు లేకుండా ఉన్నారో చాలాసార్లు చెప్పేయగలను.

చదునుగా మారిన దవడ మీద సెట్టు నిలబెట్టమని అడిగితే నేను చేసేది నేను చేస్తాను, మిగతాది వాళ్ల నాలుక నేర్చుకోవాలి.

మా సీమలో చాలామంది పళ్లు పోయినా ఏళ్లకేళ్లు సెట్టు జోలికి పోరు. కారణం సంగటి. ముద్దను చిన్నగా తుంచి, పులుసులో అద్ది మింగడమే తప్ప సంగటిని ఎవరూ నమలరు. నమిలేవాణ్ని చూస్తే పట్నం నుంచి వచ్చినాడని నవ్వుతారు. మా అవ్వ ఒక్క పన్ను లేకుండానే చానా కాలం బతికింది. మేం సెట్టు కట్టిద్దామంటే, ‘‘సంగటి తినేదానికి పండ్లెందుకురా, ఆ లెక్క ఏదో ఇంటికి సున్నం ఏపిచ్చండి’’ అనేది. అన్నం మెత్తగా వండుకుంది, జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకుంది. వేయించిన చెనక్కాయలు మాత్రం రోట్లో వేసి దంచుకుని, బెల్లం కలుపుకుని, అరచేతిలో పోసుకుని తినేది. నోట్లో పళ్లు చేయాల్సిన పని రోలు చేసింది.

నేను ఆమె మాటను తప్పు పట్టను. కానీ ఆమెకు తెలియని నష్టాలు కొన్ని జరిగాయి. మాట్లాడేటప్పుడు సకారాలు జారిపోయేవి. ముక్కుకూ గడ్డానికీ మధ్య దూరం తగ్గి, పెదవులు లోపలికి పోయి, నోటి మూలల్లో ఎప్పుడూ పగిలి పుండుగా ఉండేది. ఉప్పు కారం తగిలితే మండేది. పై, కింది దవడల మధ్య ఉండాల్సిన ఎత్తు పోయినప్పుడు మూలల్లో చర్మం మడతపడి, లాలాజలం నిలిచి అలా అవుతుందని నాకు ఈ పని నేర్చుకున్నాకే తెలిసింది. అప్పటికి అవ్వ లేదు.

ఇంకో రకం జనం దీనికి పూర్తిగా ఎదురు. సెట్టు పెట్టుకున్న మరుసటి రోజే చెనక్కాయలు, గట్టి చెగోడీలు, మటన్ బొమికలు అని ఆశపడతారు. సొంత పళ్లతో కొరికే బలంలో సెట్టుతో వచ్చేది పావువంతు, ఐదోవంతు మాత్రమే. ఇది నా చేతిలో లేదు, డాక్టరు చేతిలోనూ లేదు. సొంత పన్ను ఎముకలో నాటుకుని ఉంటుంది, సెట్టు మెత్తటి చిగురు మీద కూర్చుంటుంది. గట్టిగా కొరికితే నొప్పి చిగురుకే. మొదట్లో ఉగ్గాని, ఇడ్లీ, మెత్తటి అన్నంతో మొదలుపెట్టి, చిన్న చిన్న ముక్కలు, రెండు పక్కలా ఒకేసారి పెట్టుకుని నమలడం నేర్చుకోవాలి. ముందు పళ్లతో జామకాయ కొరకబోతే సెట్టు వెనకవైపు లేస్తుంది. ముక్కలు కోసుకుని దవడ పళ్ల దగ్గర పెట్టుకోవాల్సిందే. ఉగ్గానితో ఇచ్చే మిరపకాయ బజ్జీ మాత్రం బాగానే పోతుందని మా పేషెంట్ల కబురు.

ల్యాబులో సెట్టు ఎలా తయారవుతుందో చెబితే, ‘రేపటికల్లా కావాలి’ అనే ఫోన్లు కొన్నైనా తగ్గుతాయని ఆశ.

డాక్టరు మొదట తీసే అచ్చు మీద ప్లాస్టర్ పోసి నేను ఆ మనిషికే సరిపోయే ట్రే ఒకటి చేసి పంపుతాను. దాంతో రెండోసారి అచ్చు తీస్తారు. ఈసారి బుగ్గలు, పెదవి, నాలుక కదిలిస్తూ అంచులు ఎక్కడ ఆగాలో చూసి తీస్తారు. పైసెట్టు పట్టు అంతా ఇక్కడే ఉంది. తొందరలో ఒక్క అచ్చుతోనే సరిపెట్టేవాళ్లు లేకపోలేదు. అలాంటి అచ్చు వచ్చినప్పుడు అంచులు నేను ఊహించి గీయాలి, ఆ ఊహ ఆ మనిషి బుగ్గకు తెలియదు. తర్వాత లక్క పలక మీద మైనం గట్లు కట్టి పంపుతాను. అవి నోట్లో పెట్టి దవడల మధ్య ఎత్తు ఎంత, పళ్లు ఎక్కడ కలవాలి, నవ్వితే ఎంత కనపడాలి అని డాక్టరు గుర్తులు పెడతారు. ఆ గుర్తుల ప్రకారం నేను రెండు దవడల అచ్చులనూ ఆర్టిక్యులేటర్ అనే, దవడలా కదిలే పరికరానికి బిగించి, పళ్లు ఒక్కొక్కటిగా మైనంలో నిలబెడతాను. పైన 14, కింద 14. జ్ఞానదంతాలు ఎవరూ పెట్టరు.

మైనంలో నిలబెట్టిన పళ్లను ఒకసారి నోట్లో పెట్టి చూడాలి. మార్చాలంటే అదే చివరి అవకాశం. ఇంట్లోవాళ్లను కూడా తీసుకుపోయి చూపించుకోమని నేను ప్రతి క్లినిక్‌కీ చెబుతాను. పేషెంటు చేత మాట్లాడించాలి కూడా. సీతమ్మ, సజ్జలు, సంగటి, ఫలహారం, వంకాయ అనమంటే చాలు, పళ్లు ముందుకున్నాయో వెనక్కున్నాయో చెవికే తెలిసిపోతుంది. ఇక్కడ కడపకే సొంతమైన కష్టం ఒకటుంది. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో మైనం మెత్తబడుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు బండి డిక్కీలో పెట్టి పంపితే, క్లినిక్‌కు చేరేసరికి నేను నిలబెట్టిన పళ్లు ఇంకోలా నిలబడి ఉంటాయి. అందుకే ఎండాకాలంలో ట్రయల్ సెట్లు పొద్దున్నే, చల్లనీళ్లు పోసిన డబ్బాలో పంపుతాను. నీళ్లు ఒలికిందని పార్శిల్ కౌంటర్లో తిట్లు పడినా పర్వాలేదు.

ట్రయల్ సరిపోయాక అసలు వంట. ఫ్లాస్కు అనే ఇత్తడి అచ్చుపెట్టెలో ప్లాస్టర్ పోసి మైనం సెట్టును అందులో కూర్చోబెట్టి, గట్టిపడ్డాక మరిగే నీళ్లలో మైనాన్ని కరిగించి కడిగేస్తే, పళ్లు ప్లాస్టర్‌లో తలకిందులుగా మిగులుతాయి. చిగురు ఉండాల్సిన చోట ఖాళీ. అక్రిలిక్ పొడి మూడు పాళ్లు, దాని ద్రవం ఒక పాలు కలిపితే మొదట తడి ఇసుకలా ఉంటుంది, తర్వాత తీగలు సాగుతుంది, ఆ తర్వాత చేతికి అంటుకోని ముద్ద అవుతుంది. ఆ దశలోనే నింపాలి. ముందైతే కారిపోతుంది, వెనకైతే రబ్బరులా తయారై పోవాల్సినచోటికి పోదు. నింపి, బిగించి, 74 డిగ్రీల నీళ్లలో ఎనిమిది తొమ్మిది గంటలు ఉంచడం మంచి పద్ధతి. పని త్వరగా కావాలంటే అదే వేడిలో గంటన్నర, రెండు గంటలుంచి, ఆ తర్వాత ఒక గంట మరిగించొచ్చు. మొదట్నుంచే మరిగే నీళ్లలో పడేస్తే మాత్రం ద్రవం నూరు డిగ్రీల దగ్గర తానే మరిగి ఆవిరై, సెట్టు లోపల బుడగలు మిగులుస్తుంది. బుడగలున్న సెట్టు పెళుసు, వాసన పడుతుంది, తొందరగా మచ్చలు పడుతుంది. ఉడికాక ఫ్లాస్కు దానంతట అదే చల్లారాలి. నల్లా కింద పెట్టి చల్లారిస్తే వంకర తిరుగుతుంది. అంతా అయ్యాక రుద్ది, మెరుగుపెట్టి, నీళ్లలో వేసి పంపుతాను. అక్రిలిక్ ఎండితే రూపు మారుతుంది కాబట్టి కొత్త సెట్టు ఎప్పుడూ తడిగానే చేతికి రావాలి.

ఇవన్నీ అయ్యేసరికి పేషెంటు క్లినిక్‌కు నాలుగైదుసార్లు తిరగాల్సిందే. పెళ్లి ముందు రోజు ఫోన్ చేసి, ‘‘ఏమన్నా, డబుల్ ఇస్తాం, రాత్రికి చేసీలేవా’’ అనేవాళ్లకు నేను చెప్పే జవాబు, నీళ్లకు డబ్బు తెలియదు అని.

పంటి రంగు దగ్గర ఒక తమాషా జరుగుతుంది. వయసు 65 అని చీటీ, రంగు మాత్రం సినిమా హీరోయిన్ తెలుపు. డాక్టర్లు నచ్చజెప్పినా వినరు. పూర్తి సెట్టయితే సరే, ఒకే రంగులో అన్నీ ఉంటాయి, ఎవరిష్టం వాళ్లది. మధ్యలో ఒకటి రెండు పళ్లు పోయి పాక్షిక సెట్టు కట్టించుకునేవాళ్లకే చిక్కు. మా జిల్లాలోనూ అనంతపురం వైపూ చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. చిన్నప్పుడు, పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసులో ఆ నీళ్లు తాగినవాళ్ల పళ్ల మీద సుద్ద మచ్చలు, గోధుమ రంగు చారలు పడతాయి. అవి బ్రష్షుతో పోయేవి కావు. అలాంటి పళ్ల మధ్య ఒక్క తెల్లటి పన్ను పెడితే ఊరంతటికీ కనపడుతుంది. అప్పుడు నేను కొత్త పన్ను మీద సన్నటి బ్రష్షుతో చారలు గీస్తాను. డబ్బిచ్చి మచ్చలు వేయించుకోవడం ఏమిటని ఒక పెద్దమనిషి డాక్టరుతో గొడవ పడ్డాడట. అద్దంలో చూసుకున్నాక మాట్లాడలేదట.

ఇక ఏది కట్టించుకోవాలి అన్న ప్రశ్న. ఒకటి రెండు పళ్లే పోయి, అటూ ఇటూ గట్టి పళ్లుంటే బ్రిడ్జి చేస్తారు. అతుక్కుని ఉంటుంది, తీసి పెట్టే పని లేదు. కానీ పక్కనున్న మంచి పళ్లను చుట్టూ అరగదీయాలి. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలోకి టైటానియం స్క్రూ దించి, ఎముక దాన్ని పట్టుకున్నాక పైన పన్ను బిగించడం. స్వీడన్‌లో బ్రానెమార్క్ 1965లో మొదటిసారి మనిషికి పెట్టారు. పక్క పళ్లను ముట్టుకోనవసరం లేదు, సొంత పన్నుకు దగ్గరగా నమలొచ్చు. ఎముక ఉండాలి, షుగరు అదుపులో ఉండాలి, బీడీ సిగరెట్లు మానాలి, నెలల ఓపిక కావాలి. చాలాచోట్ల ఒక ఇంప్లాంట్‌కయ్యే డబ్బుతో పూర్తి అక్రిలిక్ సెట్టే వచ్చేస్తుంది. అందుకే అందరూ సెట్టు వైపే వస్తారు. అందులో తప్పేమీ లేదు. చేతకానివాళ్లు కట్టించుకునే వస్తువన్నట్టు కొందరు మాట్లాడటం నాకు నచ్చదు.

‘ఫ్లెక్సిబుల్’ అని ఇప్పుడు ఒకటి బాగా అడుగుతున్నారు. నైలాన్ రకం. వంగుతుంది, విరగదు, ఇనప తీగలు కనపడవు. ముందు పళ్లు ఒకటి రెండు పోయినవాళ్లకు చూపుకు బాగుంటుంది. కానీ చిగురు తగ్గి వదులైనప్పుడు అక్రిలిక్‌కు లోపల పొర వేసి సరిచేసినంత సులువుగా దీన్ని సరిచేయలేం. వెనక పళ్లన్నీ పోయినవాళ్లకు దీన్ని అంటగట్టడం నాకిష్టం లేదు. డబ్బు పెట్టగలిగితే, కొన్ని పళ్లు మిగిలినవాళ్లకు కోబాల్ట్ క్రోమియం లోహపు పోతతో చేసేది మేలు. పలచగా ఉంటుంది, మిగిలిన పళ్ల మీద ఆనుతుంది కాబట్టి చిగురు మీద భారం తగ్గుతుంది.

నా అసలు మాటకు వస్తాను. పళ్లు కదులుతున్నప్పుడు చాలామంది చేసే పని, ‘ఎట్లాగూ పోయేవే కదా, అన్నీ ఒక్కసారే పీకించేసి సెట్టు పెట్టుకుందాం’ అనుకోవడం. పైదవడకైతే ఈ లెక్క కొంత నడుస్తుంది. కింద నడవదు. కింది కోరపళ్లు రెండూ వేళ్లు పొడుగ్గా ఉండి, చాలామందికి అన్నిటికంటే చివరిదాకా నిలుస్తాయి. అవి గట్టిగా ఉంటే, డాక్టరు రూట్ కెనాల్ చేసి, చిగురు మట్టానికి కోసి, పైన మూసేస్తారు. వాటి మీద నుంచి సెట్టు కూర్చుంటుంది. దీన్ని ఓవర్‌డెంచర్ అంటారు. వేళ్లు లోపల ఉన్నంతకాలం వాటి చుట్టూ ఎముక నిలుస్తుంది. సెట్టు జారకుండా రెండు ఆధారాలు దొరుకుతాయి. కొరికేటప్పుడు ఎంత గట్టిగా కొరుకుతున్నామో ఆ వేళ్ల ద్వారా కొంతైనా తెలుస్తుంది. కోరపళ్లు అప్పటికే పోయినవాళ్లకు ఆ స్థానాల్లో రెండు ఇంప్లాంట్లు పెట్టి సెట్టును వాటికి తగిలించొచ్చు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు కూర్చుని, కింద ఒక్క పన్నూ లేనివాళ్లకు మొదట ఆలోచించాల్సింది మామూలు సెట్టు కాదు, ఇదేనని ప్రకటించారు. మన జేబులు కెనడా జేబులు కావు, అది వేరే సంగతి. కానీ సొంత కోరపళ్లకు ఇంప్లాంట్ ఖర్చు పెట్టనక్కర్లేదు కదా. ఉన్నవాటిని పీకించుకుని, ఆ తర్వాత అదే చోట స్క్రూలకు డబ్బు కూడబెట్టడం ఎందుకు?

మా మామ సంగతి చెబుతాను. జమ్మలమడుగు పక్క పల్లెలో సేద్యం. ఆకువక్క అలవాటు, అదీ చెన్నూరు ఆకు తప్ప ముట్టడు. పైన అన్నీ పోయి, కింద నాలుగు మిగిలినాయి. ఆ నాలుగూ పీకేద్దామని ఒక డాక్టరు చెప్పాడట. మామ నాకు ఫోన్ చేసి, ‘‘ఏమి అల్లుడా, రేపు పీకిచ్చుకుంటాండా, మల్ల నువ్వు సెట్టు చేసి పంపీ’’ అన్నాడు. ఎక్స్‌రే ఫొటో పంపమన్నాను. నేను డాక్టరును కాను, అయినా ఆ రెండు కోరపళ్ల వేళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో ఎవరికైనా కనపడుతుంది. పళ్లు కట్టడంలోనే పీజీ చేసిన డాక్టరును ప్రోస్థోడాంటిస్ట్ అంటారు, అలాంటి ఒకరి దగ్గరికి పంపాను. ముందున్న రెండు కదిలే పళ్లు తీసేసి, కోరపళ్లు రెండూ ఉంచారు.

అక్కణ్నుంచి అంతా సాఫీ అనుకోకండి. కొత్తలో సెట్టు చొక్కా జేబులోనే ఎక్కువ తిరిగింది. లాలాజలం ఊరి ఊరి కారుతోందని, నోట్లో ఏదో గుడ్డ పెట్టినట్టుందని అత్తమీద చిరాకుపడేవాడు. కొత్త వస్తువును నోరు తిండి అనుకుని లాలాజలం ఎక్కువ ఊరుస్తుంది, కొన్నాళ్లకు తగ్గుతుంది. ఒకచోట చిగురు ఒరుసుకుని పుండైతే, ఇంట్లో ఉన్న ఆకురాయితో తానే అరగదీయబోయాడు. అత్త నాకు ఫోన్ చేయబట్టి ఆగాడు. పుండు పడితే సెట్టు తీసి మూలన పెట్టి డాక్టరు దగ్గరికి పోకూడదు. పోయే ముందు రోజు కాసేపైనా పెట్టుకుంటేనే ఎక్కడ ఒరుసుకుంటోందో ఆయనకు కనపడుతుంది. రెండు మూడుసార్లు సరిచేశాక దారికొచ్చింది. ఇప్పుడు చెనక్కాయలు ఉడకబెట్టినవి తింటాడు, వేయించినవి తినడు. సంగట్లోకి ఉల్లిగడ్డ తరిగి పెట్టించుకుంటాడు. ఆకువక్క మానలేదు. కోసిన కోరపళ్ల మీద పాచి పేరుకుంటే పుచ్చిపోతాయని, ఫ్లోరైడ్ పేస్టుతో వాటిని రోజూ తోముకోమని డాక్టరు చెబితే, ‘‘మా బోరు నీళ్లలో లేని ఫ్లోరైడా సార్’’ అన్నాడట.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు ఒక మాట. కడప పుట్లంపల్లె రిమ్స్ ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కర్నూల్లో జి.పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో విద్యార్థులు చేస్తారని భయపడతారు గానీ, వాళ్లు ఒక్కో దశా ప్రొఫెసరుకు చూపించి మార్కులు వేయించుకోవాలి కాబట్టి ఏదీ ఎగ్గొట్టరు. తిరుగుళ్లు ఎక్కువ, అంతే. సంతల్లో, బస్టాండు పక్కన బల్ల వేసుకుని, అరగంటలో ‘ఫిక్స్‌డ్ పళ్లు’ అంటూ పక్క పళ్లకు తీగ చుట్టి అక్రిలిక్ పూసేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. ఆ ముద్ద కింద చిగురు కుళ్లి, పట్టుకున్న మంచి పళ్లు కూడా కదిలాక, పూర్తి సెట్టు కోసం ఆ దవడ అచ్చు నా దగ్గరికి వస్తుంది.

సెట్టును రాత్రి తీసి నీళ్లలో వేసి పడుకోవాలి. చిగురుకు ఊపిరి కావాలి. రాత్రీ పగలూ పెట్టుకునే వాళ్లకు అంగిలి ఎర్రగా మారి ఫంగస్ పడుతుంది. కడగడానికి మెత్తటి బ్రష్షు, మామూలు సబ్బు చాలు. పళ్ల పేస్టులో గరుకు ఉంటుంది, అక్రిలిక్ మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో పాచి చేరుతుంది. వేడి నీళ్లు వద్దు, రూపు మారుతుంది. కడిగేటప్పుడు కింద బక్కెట్లో నీళ్లో, మడిచిన తువ్వాలో ఉంచుకోండి. నా దగ్గరికొచ్చే విరిగిన సెట్లలో ఎక్కువభాగం నోట్లో విరిగినవి కావు, కడిగేచోట, జాలాట్లో జారిపడినవి. ఐదారేళ్లకు ఒకసారి కొత్తది చేయించుకోవాల్సి రావచ్చు. చిగురు మారుతుంది గానీ సెట్టు మారదు. మధ్యలో వదులైతే లోపల పొర వేయించుకోవచ్చు, దాన్ని రీలైనింగ్ అంటారు.

విరిగితే ఇంట్లో గమ్ముతో అతికించకండి. గమ్ము పెచ్చు కట్టి అంచులు మళ్లీ సరిగ్గా కలవవు, అతికిన వంకర అలాగే ఉండిపోతుంది. రెండు ముక్కలూ, రాలిన పన్ను ఉంటే అదీ, తడి గుడ్డలో చుట్టి క్లినిక్‌లో ఇవ్వండి. ముక్కలన్నీ ఉంటే అతికించడం నాకు ఒక పూట పని.